గుప్పెడు కందికాయలు

మొన్న మా క్వార్టర్ల వరసలో చివరింటి అమ్మాయికి, ఒకప్పుడు నాకొచ్చిన జ్వరమే వచ్చింది. చూడడానికి వెళ్తే మంచం మీద నుంచే నా చెయ్యి పట్టుకుని, "అక్కా, నువ్వు అన్ని రోజులు అన్నం ముట్టకుండా ఎలాగున్నావు? ఆకలికి ఎలాగ ఓర్సుకున్నావు?" అని అడిగింది. ఓర్చుకోలేదమ్మా అని ఆ మంచం పక్కన చెప్పలేకపోయాను. "అదే అలవాటైపోద్దిలే" అనేసి వచ్చేశాను. ఇంటికి వచ్చాక ఆ అబద్ధం నన్ను కుదురుగా కూర్చోనివ్వలేదు. పొయ్యి దగ్గరికీ వాకిట్లోకీ నాలుగుసార్లు తిరిగాను. అందుకే రాస్తున్నాను. నా చదువు ఐదో తరగతి. తప్పులుంటే దిద్దుకుని చదువుకోండి.

మాది మా తాతల నాడే శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి గుణుపురం దగ్గర భూములు చేసుకున్న కుటుంబం. నా మేనమామ కొడుకు సింహాచలాన్నే చేసుకున్నాను. బావకి మాచ్‌ఖండ్ ప్రాజెక్టులో ఫిట్టరు పని దొరికింది. కొండల నడుమ కాలనీలో, రేకుల కప్పు ఇంట్లో కాపురం పెట్టాం. మా లక్ష్మికి అప్పుడు మూడేళ్ళు. ఆనకట్ట పని జోరుగా సాగుతున్న రోజులవి. పగలల్లా రాళ్ళు పేల్చే చప్పుడు వినబడేది.

కార్తీకం ఆఖరులో తలనొప్పితో మొదలైంది. ఈ కొండల్లో జ్వరమంటే మలేరియా అనే అనుకుంటాం. ఇంట్లో ఎప్పుడూ ఉండే చేదు మాత్రలు నా అంతట నేనే వేసుకున్నాను, ఎవరినీ అడగలేదు. మలేరియా అయితే వణికించి, చెమట పోయించి వదిలేస్తుంది. ఇది వదల్లేదు. ప్రతి సాయంత్రం మెట్టు మీద మెట్టు ఎక్కినట్టు ఎక్కింది. నాలుక మీద సున్నం పూసినట్టు తెల్లటి పొర. మంచం మీద పడుకుంటే మంచం కాలేది. చాప మీదికి దిగితే నేల చల్లగా గుచ్చేది. గుమ్మంలో కూర్చుంటే వెలుగు కళ్ళలో పొడిచేది. మళ్ళీ మంచం. అలా తిరిగి తిరిగి ఒకరోజు గుమ్మంలోనే కూలబడ్డాను. లక్ష్మి నన్ను పట్టుకుని ఏడిస్తే, "అవతలికి పో!" అని కసిరాను. జ్వరం సంగతులు చాలా మర్చిపోయాను గాని ఆ పిల్ల ముఖం మర్చిపోలేదు.

బావ వాళ్ళ అప్పకి కబురు పెట్టాడు. అప్ప అంటే అక్క, పైడమ్మ వదిన. బావ కన్నా పదేళ్ళు పెద్దది. తల్లి పోతే బావని ఎత్తుకుని పెంచింది ఆమే. పిల్లలు లేరు. భర్త జ్వరంతోనే పోయాడు. జ్వరంలో ఉన్నవాడు అన్నం అన్నం అని ఏడిస్తే వదిన జాలిపడి పెట్టిందని, అందుకే చచ్చిపోయాడని ఊళ్ళో ఒక మాట పుట్టింది. నిజమో కాదో ఎవరూ చూడలేదు. వదిన ఎప్పుడూ ఏమీ అనలేదు. తన రెండెకరాలూ తానే దున్నించుకుని, ఎవరింటి పేరంటానికీ వెళ్ళకుండా బతికింది. కబురు అందగానే కోతకొచ్చిన చేను కూలీలకి వదిలేసి, రాయగడలో ఒక బస్సూ కొరాపుట్‌లో ఒక బస్సూ మారి వచ్చేసింది.

నన్ను చూసి నుదురు ముట్టుకుని ఒకటే మాట అంది. "ఒరే సింహాచలం, ఇది సలిజొరం కాదు. బేగి బండి సూడు."

మార్గశిరం మొదట్లో ప్రాజెక్టు లారీలో కొరాపుట్ పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. ఘాటీ మలుపుల్లో లారీ వాలినప్పుడల్లా వదిన నా తలని రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. ఆసుపత్రి వరండాలో మా వంతు వచ్చేసరికి మధ్యాహ్నమైంది. ఆ వరండా నాకిప్పటికీ కళ్ళకి కడుతుంది. గోడకి ఆనుకుని మనుషులు, మనుషులకి ఆనుకుని మనుషులు. లోపల ఎవరి పేరు పిలిచినా అందరూ ఒక్కసారి లేచి, మళ్ళీ కూర్చునేవారు. బావ కూర్చోలేదు. వరండా ఈ చివర నుంచి ఆ చివరికి నడుస్తూనే ఉన్నాడు. ఎవరి కాలో తొక్కి తిట్లు కూడా తిన్నాడు.

డాక్టరు కుర్రవాడు, ఒరియా మనిషి. వచ్చీరాని తెలుగులో నెమ్మదిగా చెప్పాడు. "ఇది టైఫాయిడు. పేగు తడి కాగితం లాగ ఉంది. గట్టి వస్తువు పడితే చిరిగిపోతుంది. జ్వరం పోయినా పదిహేను రోజులు అన్నం లేదు. తెలిసిందా?"

"తెలిసింది బాబూ," అంది వదిన. పదిహేను రోజులు అని వేళ్ళ కణుపుల మీద లెక్క పెట్టుకుంటూ ఉండిపోయింది.

కొత్త మందు ఒకటి వచ్చిందనీ, అది విజయనగరం నుంచి తెప్పించుకోవాలనీ అన్నారు. బావ వెళ్ళాడు. ఆ మూడు రోజులు మందు కోసం ఎదురు చూడడమే మా పని. పక్క మంచం మీద ఒక దేశియా ముసలామె, అంటే ఆ కొండల మనిషి, మనవరాలిని పెట్టుకుని ఉంది. ఆమె భాష నాకు రాదు, నా భాష ఆమెకి రాదు. వదిన బట్టలు ఉతకడానికి వెళ్ళినప్పుడు ముసలామె తన మనవరాలికి విసురుతున్న ఆకుల విసనకర్రని ఇటు తిప్పి నాకూ నాలుగు విసుర్లు విసిరేది. "నోనీ, నోనీ" అనేది. అంటే అమ్మాయీ అని అర్థమట. ఆ పిల్ల నా కంటే ముందే కోలుకుని నడిచి వెళ్ళిపోయింది. వెళ్తూ వెళ్తూ ముసలామె ఆ విసనకర్రని నా కాళ్ళ దగ్గర పెట్టి పోయింది.

మందు పని చేసింది. పుష్యం వచ్చేసరికి జ్వరం దిగి కాలనీకి వచ్చేశాం. అసలు బాధ అక్కడే మొదలైంది.

ఆకలి గురించి ఎవరూ సరిగ్గా చెప్పరు. జ్వరమున్నప్పుడు తిండి పేరెత్తితే వాంతి వచ్చేది. జ్వరం దిగాక కడుపులో ఏదో జంతువు లేచి కూర్చుంది. బార్లీ నీళ్ళు, పలచటి మజ్జిగ, సగ్గుబియ్యం జావ. తాగిన పావుగంటకే మళ్ళీ ఆకలి. పక్కింటి పోపు వాసనకి కళ్ళ నీళ్ళు వచ్చేవి. లక్ష్మి చేతిలో బెల్లం ముక్క చూస్తే లాక్కోవాలనిపించేది. పడుకోలేను, లేవలేను. గోడ మీద పగుళ్ళు చూస్తూ ఇది చారు, ఇది పచ్చడి అనుకునేదాన్ని. బావ పనికి వెళ్తూ "పదిహేను రోజులే" అంటే, అన్నం తిని మూతి తుడుచుకుంటూ చెప్తున్నాడని ఒళ్ళు మండేది.

అది కందికాయల కాలం. కొండ వాలుల్లో కంది నిలువెత్తు పెరిగి, పచ్చికాయ తయారై ఉంటుంది. లమ్తపుట్ సంత నుంచి కొండ ఆడవాళ్ళు గంపలతో తెచ్చి మా వరసల్లో "కాందుల్, కాందుల్" అని పిలుస్తారు. మంచి కాయ ఎలా ఉంటుందంటే, పచ్చటి తొక్క మీద ఊదారంగు గీతలుంటాయి, లోపల గింజ నిండి ఉంటుంది గాని గట్టిపడదు. గోరు గుచ్చితే తేలిగ్గా దిగుతుంది. వదిన లక్ష్మి కోసం కొంది. నాకు వాసన తగలకూడదని పెరట్లో మూడు రాళ్ళు పెట్టి ఉడికించింది. కాయలు కడిగి, పుచ్చులు ఏరేసి, కుండలో పోసి, రాళ్ళుప్పు వేసి, సగానికి నీళ్ళు పోసి, పైన అడ్డాకులు కప్పి మూత పెడుతుంది. ఆవిరి ఆకుల సందుల్లోంచి వస్తుంటే దించేస్తుంది. అంతకన్నా ఉడికితే గింజ చితికిపోతుంది. తినేటప్పుడు కాయని పళ్ళ మధ్య పెట్టి లాగాలి. గింజలు నాలుక మీద పడతాయి, ఉప్పునీళ్ళు మోచేతి దాకా కారతాయి.

ఇదంతా నేను చూడలేదు. మంచం మీద పడుకుని వాసనతోనే చూశాను.

వదిన లక్ష్మికి తిన్నంత తినిపించి, మిగిలిన కాయల కుండని వంటింట్లో మూల పెట్టి మూత మీద రాయి ఉంచింది. లక్ష్మిని వెంటబెట్టుకుని కుళాయి దగ్గరికి బిందె పట్టుకుని వెళ్ళింది. కుళాయి దగ్గర వరస ఉంటుంది. నాకది తెలుసు. గోడ పట్టుకుని లేచాను. మధ్యలో రెండుసార్లు కూర్చున్నాను. రాయి తీసి, కుండలో చెయ్యి పెట్టి గుప్పెడు తీసుకుని తిన్నాను. అంత రుచి నేను పుట్టాక ఎరగను. ఉప్పుకి పెదాలు మండాయి. మళ్ళీ చెయ్యి పెట్టాను. రెండోసారి గింజలు తీసే ఓపిక లేక లేత తొక్కలతో సహా నమిలాను. నవ్వు వచ్చింది. ఏడుపూ వచ్చింది. బిందె చప్పుడైనట్టనిపించి, తొక్కలు పొయ్యి బూడిదలో దూర్చి, రాయి మళ్ళీ మూత మీద పెట్టి, మంచం మీద పడ్డాను. వదిన వచ్చి, "నిద్దరోయినావేటి అమ్మీ?" అంది. ఉలకలేదు.

మూడో రోజుకి జ్వరం తిరగబెట్టింది. కడుపు రాయిలా బిగిసింది. మళ్ళీ లారీ, అదే ఘాటీ, అదే వరండా. ఈసారి వరండాలో మా గుణుపురం వైపు వాళ్ళు ఇద్దరు కూర్చుని ఉన్నారు, వదిన ఊరివాళ్ళే.

డాక్టరు కడుపు నొక్కి చూసి అడిగాడు. "ఏం పెట్టారు?"

"బార్లీయే బాబూ. ఇంకేటీ ఇవ్వనేదు," అంది వదిన.

బావ చంకలో ఉన్న లక్ష్మి, "అత్త కందికాయలు ఉడకెట్టింది," అంది. దాని మాట అది చెప్పింది, పాపం.

డాక్టరు లోపలికి వెళ్ళాక బావ వదిన వైపు తిరిగాడు. ముఖం నల్లబడిపోయింది.

"కందికాయలు పెట్టినావా అప్పా?"

"నేదురా. గుంట లక్ష్మికి ఉడకెట్టినాను. దీనికి సూపించనైనా నేదు."

"ఎవులడిగినా నీకు జాలే గదా! నీ పెనిమిటికి పెట్టినట్టే దీనికీ పెట్టినావు. ఆ మడిసిని తినేసినావు, ఇప్పుడు దీన్నా?"

వరండా మొత్తం విన్నది. ఆ ఇద్దరూ తలలు తిప్పి చూశారు. వదిన బావ ముఖంలోకి చూస్తూ నిలబడింది. చేతిలో విప్పబోయిన మూట అలాగే ఉంది. నేను బల్ల మీద పడుకుని అంతా విన్నాను. నోరు తెరిస్తే అయిపోయేది. తెరవలేదు. డాక్టరు కోప్పడతాడనీ, మళ్ళీ మందు తెచ్చే బావకి నా మీద అసహ్యం పుడుతుందనీ, దొంగదాన్నని అంటారనీ భయం. రేపు చెప్తాననుకున్నాను.

రేపు కాదు, మూడు రేపులు గడిచాయి. వదిన మంచం దగ్గరికి రావడం మానేసింది. వరండాలోనే ఉండి నా బట్టలు ఉతికి, ఆరబెట్టి, మడతపెట్టి సిస్టరు చేతికిచ్చి పంపేది. మడతల్లో ఎండ వాసన ఉండేది. జ్వరం కన్నా ఆ మడతలు నన్ను ఎక్కువ కాల్చాయి. అటు దొర్లి ఇటు దొర్లి దుప్పటి తన్నేస్తుంటే సిస్టరు, "ఎందుకమ్మా అంత కంగారు, మందు పడుతోందిగా," అనేది.

నాలుగో రోజు పొద్దున బావ పాల కోసం వెళ్ళినప్పుడు వదిన లోపలికి వచ్చింది. చంకలో మూట ఉంది. దుప్పటి సర్దుతూ వంగి, మెల్లగా అంది.

"పొయ్యిలో బూడిద తీసినప్పుడే తొక్కలు సూసేనే అమ్మీ. ఆడికి సెప్పనేదు. జొరంలో ఉన్నదాన్ని తిడతాడని. నువ్వే సెప్తావనుకున్నాను."

నేను దుప్పటి ముఖం మీదికి లాక్కున్నాను.

"ఎల్తాను. రాయగడ బస్సు టైమైంది. నోరు కట్టుకోయే. గుంటకి అమ్మవి," అని వెళ్ళిపోయింది.

బావ రాగానే చెప్పాను. మొదటి మాట తప్ప మిగతాదంతా ఏడుపే. పాలగ్లాసు కిటికీలో పెట్టి, చెప్పులు కూడా వేసుకోకుండా బస్టాండుకి పరుగెత్తాడు. తిరిగి వచ్చినప్పుడు ఒక్కడే వచ్చాడు. మంచం కోడుకి తల ఆనించి నేల మీద కూర్చున్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

డాక్టరుకి కూడా చెప్పాను. ఆయన కోప్పడలేదు. "తినడం తప్పు. కానీ దానివల్లే అని నేను చెప్పలేను. ఈ జ్వరం ఏమీ తినకపోయినా కొందరికి తిరిగి వస్తుంది," అన్నాడు. అంటే నేను తిన్నందువల్ల వచ్చిందో లేదో ఈ రోజుకీ నాకు తెలియదు. ఎవరూ పెట్టకపోయినా రావచ్చునన్న మాట. అలాగే వదిన భర్తకీ అయి ఉండవచ్చు గదా అని ఆ మధ్యాహ్నమంతా ఆలోచించాను. ఊరు ఊరంతా ఆమెని అన్నేళ్ళు ఏ మాట పెట్టి కాల్చిందో, అదే మాట తమ్ముడి నోట, నేను వింటుండగా పడింది.

మందు మళ్ళీ పని చేసింది. దిండుకి చేరగిలి కూర్చునే శక్తి రాగానే బావని కాగితం, పెన్సిలు అడిగాను.

"ఉత్తరమా? అప్పకి సదువు రాదు గదే. ఆ ఊళ్ళో ఉత్తరమొస్తే మాస్టారు అరుగు మీద అందరి ముందూ సదువుతాడు. నీ పరువేటౌతాది?"

"అందుకే రాస్తాను. వరండాలో నువ్వన్న మాట అప్ప ఊరోలిద్దరూ ఈపాటికి ఊరంతా సెప్పేసుంటారు."

బావ లేచి వెళ్ళి కాగితం తెచ్చాడు. మూడు పూటలు పట్టింది రాయడానికి, అక్షరాలు కొండెక్కి దిగినట్టు వచ్చాయి. పైడమ్మ వదిన నాకు ఏమీ పెట్టలేదనీ, ఆమె నీళ్ళకి వెళ్ళినప్పుడు నేనే కుండ తెరిచి దొంగతనంగా తిన్నాననీ, తొక్కలు బూడిదలో దాచాననీ, ఆమె మీద మాట పడుతుంటే నోరు మూసుకున్నాననీ రాశాను. డాక్టరు చెప్పిన మాట కూడా రాశాను, ఏమీ తినకపోయినా ఈ జ్వరం తిరగబెడుతుందని. అది చదివితే ఊరు ఇంకో సంగతి కూడా ఆలోచించుకుంటుందని. కింద చోటు మిగిలితే బావ కాగితం లాక్కుని, గోడ వైపు తిరిగి, ఏదో రాసి మడిచేశాడు. నాకు చూపించలేదు.

జవాబు రాలేదు. మాఘంలో అన్నం పెట్టమన్నారు. మెత్తగా పిసికిన అన్నం మొదటి ముద్ద కళ్ళు మూసుకుని తిన్నాను. జుట్టు గుప్పెళ్ళుగా ఊడింది. కొండల మీద కంది ఎండిపోయింది, ఆ ఏడు పచ్చికాయ మరి దొరకలేదు. పోస్టు తెచ్చే లారీ వచ్చినప్పుడల్లా గుమ్మంలోకి వెళ్ళేదాన్ని. ఎండాకాలం పోయింది, వానలు పోయాయి. బావ రెండుసార్లు గుణుపురం వెళ్తానని సెలవు పెట్టి, సంచీ సర్దుకుని, బస్సు ఎక్కకుండా తిరిగొచ్చాడు. "ఏ మొకం పెట్టుకుని ఎల్తాను," అనేవాడు.

మళ్ళీ మార్గశిరం వచ్చింది. ఒక ఆదివారం పగటి పూట లక్ష్మి, "అత్త! అత్త!" అని అరిచింది. వదిన లారీ దిగి నడిచి వస్తోంది, నెత్తి మీద గోనెసంచి. వాకిట్లో దించింది. సంచి నిండా పచ్చి కందికాయలు, తన చేనివే.

నేను కాళ్ళ మీద పడబోతే భుజం పట్టి ఆపింది. "జుట్టు మళ్ళీ వచ్చేసినాదే," అంది. కుండ ఎక్కడుందని అడిగింది. పెరట్లోకి కాదు, వంటింట్లో పొయ్యి మీదే పెట్టింది. నేను కాయలు కడిగాను, ఆమె ఉప్పు వేసింది, లక్ష్మి అడ్డాకులు కప్పింది. ఆవిరి వచ్చాక దించి, చేటలో పోసి, వేడికి ఊదుకుంటూ కూర్చున్నాం.

"ఉత్తరం అందినాదా వదినా?" అని అడిగాను. చెయ్యి కాయ మీద ఉంది గాని నోట్లో పెట్టుకోలేకపోయాను.

"అందినాది. మాస్టారు అరుగు మీద సదివేడు. ఊరు ఊరంతా ఇన్నాది." ఒక కాయ పళ్ళతో లాగి, తొక్క పక్కన పెట్టింది. "రెండోసారి సదవమన్నాను. డాక్టరు మాట కాడికొచ్చీసరికి మా అత్త, మా ఆయన్ని కన్నతల్లి, లేచి ఎల్లిపోయినాది. సాయంత్రం మా ఇంటికొచ్చినాది, ఇన్నేళ్ళకి. కూకుంది, మంచినీళ్ళు తాగింది, ఎల్లింది."

ఇంకో కాయ తీసుకుంది. "కిందన ఆడు రాసింది మాత్రం మాస్టారు బయటికి సదవనేదు. నా సెవిలో సెప్పేడు."

"ఏటి రాసేడు?"

"అది నాకూ ఆడికీ," అంది.

బావ గుమ్మం అవతల నిలబడి ఉన్నాడు. వదిన వచ్చిన దగ్గర నుంచీ లోపలికీ రాలేదు, బయటికీ పోలేదు. వదిన అటు చూడకుండానే చేటని నేల మీద జరిపింది, గుమ్మం దాకా.

"కూకోరా. సల్లారిపోతాయి."